చిన్నపిల్లల తరగతి: జపాను కిండర్‌గార్టెన్ నుంచి నేర్చుకున్నవి

మన బడిలో చిన్నపిల్లల తరగతి తీసుకున్న మొదటి సంవత్సరం నేను చేసిన పని చెబితే మీకు నవ్వొస్తుంది. ఇరవయ్యేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాణ్ణి కదా, 56 అక్షరాలనూ వారాలవారీగా పంచి, స్లైడ్లు తయారుచేసి, ప్రొజెక్టరు పెట్టి పాఠం చెప్పాను. ఏడాది చివరికి అయిదేళ్ళ పిల్లలు కూడా ‘ఱ’ దాకా గుర్తుపట్టారు. ఆ డిసెంబరులో గుంటూరు నుంచి వచ్చిన ఒక నాయనమ్మగారు తరగతి బయట నన్ను ఆపి, "మాస్టారూ, మావాడు అక్షరాలన్నీ చెబుతున్నాడు గానీ నాతో మాట్లాడడం లేదండీ" అన్నారు. ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ తగిలింది.

ఈ సంగతి మా ఆఫీసులో ఒక ఆస్ట్రేలియన్ సహోద్యోగికి చెప్పాను. ఆవిడ చదువు కాగానే రెండేళ్ళు జపానులో ఒక కిండర్‌గార్టెన్‌లో ఇంగ్లీషు చెప్పి వచ్చారు. అక్కడ దాన్ని యోచియెన్ అంటారు. మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలుంటారు. జపాను ప్రాథమిక పాఠశాలల్లో 5, 6 తరగతులకు ఇంగ్లీషు పరిచయం 2011లో తప్పనిసరి అయింది. 2020 నుంచి అది మార్కులుండే సబ్జెక్టు. యోచియెన్‌లో ఆ నిర్బంధం లేదు. అయినా తల్లిదండ్రులు కోరుతున్నారని చాలా ప్రైవేటు యోచియెన్లు బయటి టీచర్లను పిలిపిస్తాయి. ఈవిడకి ఇచ్చింది వారానికి అరగంట.

"ఏ బి సి డిలు ఎప్పుడు మొదలుపెట్టేవారు?" అని అడిగాను. "మొదలుపెట్టనే లేదు" అన్నారు! లే, కూర్చో, దూకు అంటూ తను చేసి చూపించడం, పిల్లలు చెయ్యడం. తర్వాత ‘కరుతా’ ఆట. నేలమీద బొమ్మల కార్డులు పరుస్తారు. టీచరు పేరు చెప్పగానే ముందు చెయ్యి వేసినవాళ్ళదే కార్డు. ఆజ్ఞలతో భాష నేర్పే ఈ పద్ధతిని 1960లలో అమెరికాలో జేమ్స్ ఆషర్ ప్రచారంలోకి తెచ్చారు. ఆయన తొలి ప్రయోగాల్లో ఒకటి జపనీసు భాషతోనే చేశారు.

ఆవిడకున్న ఇబ్బంది వింటే ముచ్చటేసింది. జపనీసు మాటలు మన తెలుగు మాటల్లాగే చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకని ‘మిల్క్’ ఆ పిల్లల నోట ‘మిరుకు’, ‘ఐస్‌క్రీమ్’ ‘ఐసుకురీము’ అయ్యేవి. మనం బస్సు, కారు, రైలు అనడం లేదూ? నా తరగతిలో సరిగ్గా దీనికి తలకిందులు. మెల్‌బోర్న్ పిల్లలు చివరి అచ్చు కోసేసి ‘పాలు’ని ‘పాల్’ అంటారు. ఆవిడ తప్పు అని చెప్పేవారు కాదట. తన తర్వాతి వాక్యంలో అదే మాటను సరిగ్గా పలికి ఊరుకునేవారట.

ఇక ‘తాతయ్య’ మా పిల్లల నోట ‘టాటయ్య’. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన పసివాళ్ళకు హిందీ త, ట శబ్దాలు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పట్టుకున్నారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామంది పట్టుకోలేకపోయారు. 2003లో పట్రీషియా కూల్ బృందం అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలతో 12 సార్లు చైనీస్ మాట్లాడించింది. మనుషులు ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ శబ్దాలు పట్టుబడ్డాయి. అదే వీడియోలో చూపిస్తే పట్టుబడలేదు. అది చదివాక నా ప్రొజెక్టరు అటకెక్కింది.

మర్నాటి ఏడాది నుంచి మేమూ లేచాం, కూర్చున్నాం, దూకాం. కార్డుల మీద దోసకాయ, చెంబు, చీపురు వచ్చాయి. పిల్లల గోల పక్క గదికి వినబడుతోందని ఫిర్యాదులు కూడా వచ్చాయి. అయితే ఒక పొరపాటు జరిగింది. ఇంటికి వచ్చిన పెద్దాయనను ఒక పాప "రా! కూర్చో!" అందట. వాళ్ళమ్మగారు ఫోను చేసి, నవ్వుతూనే అడిగారు, "ఇదేనా మాస్టారూ మీరు నేర్పేది?" అని. ఇంగ్లీషులో ‘సిట్’ ఎవరికైనా ఒకటే, మనకు కాదే! అప్పటినుంచి తరగతిలో ఒక కుర్చీని ‘తాతయ్య కుర్చీ’ చేశాం. అందులో ఎవరు కూర్చుంటే వాళ్ళకు "రండి, కూర్చోండి, తీసుకోండి" అనాలి. ఆ కుర్చీ కోసం పిల్లలు కొట్టుకుంటారు.

తల్లిదండ్రులకు ఒక లెక్క. వారానికి రెండు గంటలు, టర్ముకు పది వారాలు, నాలుగు టర్ములు, వెరసి 80 గంటలు. రోజుకు 12 గంటలు మెలకువగా ఉండే పిల్లవాడికి అది వారం రోజులు కూడా కాదు. అందులోనే అన్నీ చెయ్యమంటే నావల్ల కాదండీ. కారులో వస్తున్నప్పుడైనా తెలుగులో మాట్లాడండి. వాడు ఇంగ్లీషులో జవాబిచ్చినా మీరు తెలుగు మానకండి.

ఆ నాయనమ్మగారు తర్వాతి సంవత్సరం మళ్ళీ వచ్చారు. తరగతికి రమ్మని పిలిచి, తాతయ్య కుర్చీలో కూర్చోబెట్టాం. మనవడు ఇప్పటికీ గడగడా మాట్లాడడు. కానీ ఆ రోజు గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడి, "నాయనమ్మా, నీళ్ళు తీసుకోండి" అన్నాడు. ఆవిడ, "నన్ను అండీ అనక్కర్లేదురా" అన్నారు. వాడు నా వైపు చూశాడు, ఇప్పుడేమనాలి అన్నట్టు.