రిబ్కా చేసిన నిర్ణయము

పాఠభాగములు: ఆదికాండము 24:28–67, యోహాను 7:14–18

మన పల్లెల నుండి పట్నమునకు పనికి పోయిన పిల్లలు పండుగకు ఇండ్లకు వచ్చునప్పుడు కొత్త బట్టలతో పాటు కొత్త ప్రశ్నలను కూడ మోసికొని వచ్చుచున్నారు. హైదరాబాదు పాతబస్తీలో గాజుల దుకాణమున పనిచేయు మన సంఘపు యువకుడొకడు అట్టి ప్రశ్న నొకదానిని మా యొద్దకు తెచ్చెను.

“అయ్యగారూ, మా సేటు దినమునకు ఐదుమార్లు నమాజు చేయును. లెక్కలో ఒక గాజు తక్కువ పెట్టడు. ఆయన మతమును గూర్చి ఏమడిగినను జవాబిచ్చును, ఆ జవాబులన్నియు ఒకదానితో నొకటి అతుకును. నా గదిలోనుండు స్నేహితుడు శివభక్తుడు. కర్మమును గూర్చి, జన్మలను గూర్చి అతడు చెప్పునదియు అతుకును. గుడిలో మీరు నేర్పినదియు అతుకును. మూడును అతుకుచుండగా నేను దీనిలోనే ఎందుకుండవలెను? మా అమ్మ నన్ను ఈ ఉయ్యాలలో వేసినదనియా?”

ఆ ఆదివారము అతడు ప్రభువు బల్లయొద్దకు రాలేదు. నిశ్చయము లేక చేయి చాపలేనని చెప్పెను. తల్లి యేడ్చెను. పెద్దలలో నొకరు సంఘపు పుస్తకములోనుండి పేరు కొట్టివేయుమనిరి. మేము సమ్మతింపలేదు. అలవాటుచేత చేయి చాపువారికంటె ఆ పిల్లవాడే ఆ బల్లను ఎక్కువగా గౌరవించెనని మా తలంపు.

అతడు బ్రదుకు చోటును కూడ మనము తలంచుకొనవలెను. 1591లో కట్టిన చార్మినారు నాలుగు దారుల కూడలిలో నిలిచియున్నది. దాని ప్రక్కనే 1694లో ముగిసిన మక్కా మసీదు. మొహర్రములో ఆ వీధులవెంట పీరులు నడచును, ఆషాఢమాసములో లాల్ దర్వాజాకు బోనములు సాగును. మన ఊరిలో పరమతమనునది చెరువు అవతలి మాట. అక్కడనో, ఒకే కొళాయి యొద్ద బిందెలు పెట్టుకొనువారి విశ్వాసము. దూరమునుండి దూషించుట సులభము. నీ జ్వరమునకు మందు తెచ్చిన వానిని దూషించుట సులభము కాదు, కారాదు కూడ.

ఇక ప్రశ్నకు వత్తము. పూర్వము మన ఊళ్లలో పట్వారీ యుండిన దినములు పెద్దలకు జ్ఞాపకమే. అతని పహాణీలో లెక్క ఎక్కడను తప్పదు. ఈ పుటలోని ఎకరములు ఆ పుటలోని శిస్తుతో సరిపోవును. అయినను తగవు వచ్చినప్పుడు మనవారేమి చేసిరి? మరియొక పుస్తకము తెమ్మనలేదు, పొలము మీద గొలుసు వేయుమనిరి. లెక్క కుదురుట మంచిదే. కుదరని లెక్కను చూడనే అక్కరలేదు. అయితే కుదిరిన లెక్కలు మూడుండవచ్చును, పొలము ఒక్కటే. కాబట్టి మతములు అతుకుచున్నవని చెప్పుట పుస్తకమును గూర్చిన మాట. అతడింకను గొలుసు వేయలేదు.

కొందరు ఇక్కడ త్వరపడి, అన్ని మతములు ఒక్కటే, ఎందులోనున్న నేమి యందురు. ఈ మాట వినుటకు మర్యాదగానుండును గాని, దీనిలో ఎవరికిని గౌరవము లేదు. ఆ సేటునే అడిగి చూడుడి, దేవునికి కుమారుడున్నాడనుట ఆయన యెన్నడును ఒప్పడు. ఒప్పనివానిని ఒప్పినట్లు లెక్కించుట స్నేహము కాదు.

గొలుసు ఎక్కడ వేయవలెను? మాటలు కలియక విడిపోవు చోట వేయవలెను. అట్టి చోటు సిలువ. ఖురాను మరియమ్మ కుమారుని మిక్కిలి గౌరవించును, ఆయన కన్యకు జన్మించెననియు ఒప్పును. అయితే నాలుగవ సూరా 157వ వాక్యమును బట్టి ముస్లిములు సాధారణముగా ఆయన సిలువ వేయబడలేదని నమ్ముదురు. మనము వేయబడెనని నమ్ముదుము. రెండును నిజము కానేరవు. ఇది తర్కము కాదు, ఒక దినమున ఒక ఊరి వెలుపల జరిగిన సంగతి, లేక జరుగని సంగతి. రోమా చరిత్రకారుడైన టాసిటస్ రెండవ శతాబ్దపు ఆరంభమున, పిలాతు అధికారములో క్రీస్తునకు మరణశిక్ష పడెనని వ్రాసియున్నాడు. అతనికి మనవారిపై ప్రేమ ఏమియు లేదు, మన విశ్వాసమును అతడు తెగులువంటి దానిగా ఎంచెను. కనుక అతని సాక్ష్యము మనవాని సాక్ష్యము కాదు. పౌలైతే ఇంకను ముందుకు పోయి, క్రీస్తు లేవనియెడల మన ప్రకటన వట్టిదేయని ఒప్పుకొనుచున్నాడు (1 కొరింథీయులకు 15:14). తన పొలము మీద గొలుసు వేయుడని తానే పిలుచువాని మాట వినదగినది.

చరిత్ర మనలను సిలువ వరకు నడిపించును, ఖాళీ సమాధిని గూర్చి ప్రాణములకు తెగించి సాక్ష్యమిచ్చిన శిష్యుల యొద్దకును నడిపించును. పునరుత్థానమును తీసి చేతిలో పెట్టజాలదు. అక్కడనుండి ఏమి చేయుదుము? ఇందుకే రిబ్కాను ఈ నెల పాఠముగా తీసికొంటిమి.

మీలో పలువురు సాలార్ జంగు మ్యూజియమును చూచియుందురు. మూసీనది దక్షిణపు ఒడ్డున, పాతబస్తీ అంచుననే యున్నది. మనవారు అచ్చటికి పోయి గడియారపు బొమ్మ గంట కొట్టుట చూచి, అదే గొప్పయని తిరిగి వత్తురు! మరియొక గదిలో పాలరాతి రిబ్కా నిలిచియున్నది. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన దానిని మొదటి సాలార్ జంగు 1876లో రోములో కొనెను. ముఖముపై ముసుగు, ఆ ముసుగులోనుండి ముఖము, రెండును రాయియే. ఈసారి పోయినవారు గడియారము విడిచి దీనియొద్ద కొంతసేపు నిలువుడి.

రిబ్కా ఇస్సాకును చూడలేదు. పది ఒంటెలతో వచ్చిన పరదేశియైన దాసుడు, అతడు చెప్పిన వృత్తాంతము, అతడిచ్చిన నగలు, ఇంతే ఆమె యెదుట నున్నవి. హారాను ప్రాంతములో వరులు లేకపోయిరా? ఉండియే యుందురు, మంచివారే కావచ్చును. లోకములోని వరులనందరిని వరుసగా నిలువబెట్టి చూచిన పిమ్మట పెండ్లాడుదునని ఆమె యనలేదు. అట్లన్నవారికి పెండ్లి కాదు. అయినను గ్రుడ్డిగా లేచి పోలేదు. దాసుని నడత ఆ ఇంటివారందరి కన్నుల యెదుట నున్నది. అన్నము పెట్టినను తాను వచ్చిన పని చెప్పువరకు ముట్టలేదు (33వ వచనము). తన గొప్ప చెప్పుకొనలేదు, యజమానుని మాటయే చెప్పెను. పని నెరవేరగా యజమానుని దేవునికి మ్రొక్కెను. అన్నయు తల్లియు పది దినములు ఆగుమన్నప్పుడు, నిర్ణయము అమ్మాయినే అడిగిరి. ఆమె వెళ్లెదనని చెప్పెను.

“అయ్యా, సేటునొద్దకును ఒక దూత వచ్చెనని ఆయన చెప్పును గదా” యని ఆ యువకుడు ఇక్కడ అడ్డు తగిలెను. సరియైన ప్రశ్నయే. యోహాను 7:17–18లో ప్రభువు దీనికి రెండు గురుతులు చూపుచున్నాడు. దేవుని చిత్తము చేయగోరువానికే బోధ ఎక్కడిదో తెలియును, ఇది యొకటి. తన్ను పంపినవాని మహిమను వెదకువాడు సత్యవంతుడు, ఇది రెండవది. అబ్రాహాము దాసునియందు మనము చూచినది ఈ రెండవదే. పరప్రవక్తలు ఈ పరీక్షలో ఓడుదురని మేమిక్కడ తీర్పు వ్రాయుట లేదు. వారిని గూర్చి వారి జనులనే అడుగవలెను, శ్రద్ధగా వినవలెను. యేసును గూర్చి మాత్రము మేము చెప్పగలము: ఆయన తనకొరకు ఏమియు దాచుకొనక సిలువవరకు వెళ్లెను.

మొదటి గురుతును చూచుటకు మన తెలుగు నేలలోనే ఒక మాదిరి యున్నది. ఒంగోలు ప్రాంతపు యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వర్తకుడు. వీరమ్మయను గురువమ్మ యొద్ద రాజయోగము నభ్యసించినవాడు. ఆ యోగమును అతుకులేని బోధ కాదు. వర్తకము మీద ఏలూరు వెళ్లినప్పుడు అలెగ్జాండరు దొరవారి నోట సువార్త విని, 1866లో భార్యతో కూడ జ్యూవెట్ దొరవారి చేత బాప్తిస్మము పొందెను. చదువు వలన తీర్పు చేయగల పండితుడు కాడు. విన్నదాని వెంట నడచి తెలిసికొనెను.

అయితే నడచుటకు త్రాసు నిటారుగా నుండవలెను. 1876–78 కరవులో క్లౌ దొరవారు కాలువపని ద్వారా వేలమందికి కూలి కల్పించిరి గాని, ఆ పని జరుగుచున్నంతకాలము బాప్తిస్మమియ్యలేదు. గింజలకొరకు ఎవడును రాకూడదని. కరవు తీరిన పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది పొందిరి. నేడు త్రాసు మరియొక ప్రక్కకు వంగియున్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూలు కులపు హక్కును మొదట హిందువులకు, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చెను గాని, క్రైస్తవులకును ముస్లిములకును ఇయ్యలేదు. పిల్లవాని సర్టిఫికెటు తల్లిదండ్రుల విశ్వాసముతో తగవులాడు ఇండ్లు మనలో లేవా? విశ్వాసము విలువ చెల్లించదగినదే. ఆ విలువ దొరతనమువారు నిర్ణయింపదగినది మాత్రము కాదు.

అంబేద్కరుగారు 1935 అక్టోబరులో హిందువుగా చావనని ప్రకటించి, 1956 అక్టోబరులో బౌద్ధుడాయెను. నడుమ 21 సంవత్సరములు! ఇంతకాలము మతములను చదివి తూచినవాడు మన ప్రభువునొద్దకు రాలేదు. మన గుడులలో కులము కూర్చుండియుండుట ఆయన చూచెను, వ్రాసెను. మన లెక్క బాగుగా కుదిరినది. ఆయన గొలుసు మన గుడిలోనే వేసెను.

1990 డిసెంబరులో పాతబస్తీలో రక్తము ప్రవహించినప్పుడు, 1930లో లాహోరులో మొదలై 1971లో హైదరాబాదు చేరిన హెన్రీ మార్టిన్ సంస్థవారు తరువాత ఆ బస్తీలకు పోయి, హిందూ ముస్లిము పిల్లలకు చదువును స్త్రీలకు చేతిపనులను కలిపి నేర్పుటకు పూనుకొనిరి. మన బోధ యెక్కడిదో తెలిసికొనగోరు సేటునకు మా పుస్తకములకంటె ఇది దగ్గర దారి యని తలంతుము.

ఈ నెల ఇంటికూటములలో ఆదికాండము 24వ అధ్యాయమంతయు బిగ్గరగా చదువుడి, పొడుగని విడువకుడి. పట్నములో పిల్లలున్నవారు వారికి డబ్బు సంగతి మాటలాడిన పిమ్మట, వారి గదిలో నున్నవారెవరో, వారేమి నమ్ముదురో అడుగుడి. పిల్లలు ప్రశ్నలడిగినచో గద్దింపక, లూకా సువార్త ఒకటి చేతికిచ్చి, చదివినదానిలో ఒక్క మాటయైనను ఆ వారమున చేసి చూడుమని చెప్పుడి. బల్లయొద్దకు రానివారిని బలవంతపెట్టకుడి, వారి పేరు కొట్టివేయకుడి. వారికొరకు పెట్టిన చోటు ఖాళీగానే యుంచుడి.