ఆపద్వేళ సేవాధర్మం

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాలలో తిరునాళ్ళ సందర్భంగా జరిగే బండలాగుడు పోటీలు రైతు జీవితంలో ఒక ముచ్చటైన ఘట్టం. ఒంగోలు జాతి వృషభాలు బరువైన రాతిబండను లాగుతుంటే బరికి ఇరువైపులా జనం కేరింతలు కొడతారు. అయితే ఎద్దులు బెదిరినా, జనం ఒక్కసారిగా ముందుకు తోసుకువచ్చినా, ఆ వేడుక క్షణంలో విషాదంగా మారగలదు.

2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల వేళ ప్రేక్షకుల గ్యాలరీ కుప్పకూలి సుమారు వందమంది గాయపడ్డారు. ఇటువంటి సమయంలో వైద్యుడు వచ్చేలోపు క్షతగాత్రునికి దిక్కు పక్కనున్న మనిషే. కనుక స్వచ్ఛంద సేవకునికి ఉత్సాహమొక్కటే చాలదు, సంసిద్ధత కావాలి.

భారతంలో విదురుడు లక్కయింటికి నిప్పంటుకొనే దాకా వేచియుండలేదు. ముందుగానే ఖనకుని పంపి సొరంగం తవ్వించాడు. పాండవులను కాపాడినది ఆ ముందుచూపే. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మన పెద్దలు హర్షించని పని.

పోటీకి ముందే సేవకుడు బయటికి పోయే దారులను, అంబులెన్సు వచ్చే మార్గాన్ని చూచుకొనాలి. ఆపద కలిగినప్పుడు 108కి ఫోను చేసి స్థలాన్ని స్పష్టంగా తెలపాలి. మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందన్న అనుమానముంటే, అక్కడే మరో ప్రమాదం పొంచివుంటే తప్ప, గాయపడినవానిని కదిలించరాదు. స్పృహతప్పి, ఊపిరి సరిగా ఆడని పెద్దవారికి ఛాతీ నడుమ అరచేతులతో నిమిషానికి 100 నుండి 120 సార్లు, 5 నుండి 6 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. ఈ విద్యను ముందే శిక్షణపొంది అభ్యసించాలి.

2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు క్రిస్టియన్ ఎరిక్సన్ గుండె ఆగి మైదానంలో కూలిపోయాడు. వైద్యబృందం చికిత్స చేస్తుండగా సహచరులు చుట్టూ వలయంగా నిలిచి అతనిని జనం చూపులనుండి కాపాడారు. అతడు బ్రతికి, మరుసటి ఏడాది మళ్ళీ ఆటలో అడుగుపెట్టాడు. చికిత్స తెలియనివారికి సైతం చేయదగిన పని ఉన్నదని ఆ వలయం చాటింది. జనాన్ని వెనుకకు నిలపడం, దారి విడిపించడం, తప్పిపోయిన బిడ్డ చేయి పట్టుకొనడం కూడా సేవయే.

విద్యార్థులారా! రేపు మీ ఊరి తిరునాళ్ళలో సేవకుని పట్టీ ధరించినప్పుడు, పందెం ఎవరు గెలుస్తారో చూడడానికి కాక, ప్రేక్షకులందరూ క్షేమంగా ఇల్లు చేరేటట్లు చూడడానికి నిలిచామని గుర్తుంచుకొనండి.

ప్రశ్నలు

1. స్వచ్ఛంద సేవకునికి సంసిద్ధత ఎందుకు అవసరమో వివరించండి.
2. విదురుని ముందుచూపును ఈ పాఠానికి అన్వయించి రాయండి.
3. చికిత్స తెలియనివారు ఆపద్వేళ ఏయే సేవలు చేయవచ్చు?