పండుగ దస్తర్‌ఖాన్‌పై అందరికీ చోటు

పండుగ నమాజు ముగించుకుని ఈద్‌గాహ్ నుంచి తిరిగి రాగానే మన ఇళ్లలో ఒక సందడి మొదలవుతుంది. షీర్ ఖుర్మా, బగారా అన్నం, దాల్చా, బిర్యానీల ఘుమఘుమలు వీధి దాకా వస్తుంటాయి. కొన్ని ఇళ్లలో హాలులో దస్తర్‌ఖాన్ పరుస్తారు. మరికొన్ని ఇళ్లలో డైనింగ్ టేబుల్‌పై కొత్త గుడ్డ వేసి, అల్మారాలో దాచిన పింగాణీ పళ్లాలు బయటికి తీస్తారు. అక్కడే ఒక వాదన కూడా బయలుదేరుతుంది. "నేల మీద కూర్చుని తినడమే సున్నత్" అంటారు ఒకరు. "పండుగ పూట చుట్టాలను నేల మీద కూర్చోబెడితే ఏం బాగుంటుంది?" అంటారు మరొకరు.

ఈ వాదన సాగుతుండగానే, మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చోలేని దాదీమా పళ్లెం పక్క గదిలోని మంచం దగ్గరికి వెళ్లిపోతుంది. తెల్లవారకముందే లేచి వంట చేసిన కోడలు అందరూ తిన్న తర్వాత, గిన్నె అడుగున మిగిలింది తింటుంది. నేలా, టేబులా అన్నది తేలినా తేలకపోయినా, ఆ ఇద్దరి గురించి ఎవరూ అడగరు. దస్తర్‌ఖాన్ విషయంలో మన ధర్మం దేనికి ఎక్కువ ప్రాముఖ్యం ఇచ్చిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈద్, మాయిదా ఒకే చోట

దివ్య ఖుర్ఆన్‌లోని ఐదవ సూరా పేరు 'అల్ మాయిదా'. అంటే ఆహారం వడ్డించిన పళ్లెం, దస్తర్‌ఖాన్ అని అర్థం. 'ఈద్' అనే పదం ఖుర్ఆన్ మొత్తంలో ఒకే ఒక్కసారి వచ్చింది. అది కూడా ఈ సూరాలోని 114వ ఆయత్‌లోనే. హజ్రత్ ఈసా (అలై) తన శిష్యుల కోరికపై ఆకాశం నుంచి మాయిదా దింపమని అల్లాహ్‌ను వేడుకున్నారు. అది తమ కాలం వారికీ, తర్వాత వచ్చే వారికీ పండుగ కావాలని ప్రార్థించారు.

ఆ దుఆలో ఒక విషయం గమనించండి. ఎదురుగా ఉన్నవారి కడుపు నిండితే చాలునని ఆ ప్రవక్త అనుకోలేదు. ఇంకా రాని వారిని కూడా ఆ పండుగలో కలుపుకున్నారు. మన దస్తర్‌ఖాన్ పరిచేటప్పుడు కూడా మొదట ఆలోచించవలసింది ఇదే. ఎవరు వచ్చారు, ఇంకా ఎవరు రాలేదు?

నేల మీదా, టేబుల్ మీదా?

దైవప్రవక్త (స) ఎత్తైన భోజనపు బల్లపై ఎన్నడూ భుజించలేదని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ఆ రోజుల్లో ప్రజలు నేలపై పరిచిన 'సుఫ్రా'పై తినేవారని అదే ఉల్లేఖనంలో ఉంది (బుఖారీ). కాబట్టి నేలపై దస్తర్‌ఖాన్ పరచి తినడం ప్రవక్త (స) పద్ధతికి దగ్గరైన విధానం. అందులో అణకువ ఉంది, నలుగురూ ఒకచోట చేరే వీలుంది.

అయితే టేబుల్‌పై తినడం నిషిద్ధమా? కాదు. హిజ్రీ 505 (క్రీ.శ. 1111)లో పరమపదించిన ఇమామ్ గజాలీ (రహ్మలై) తన 'ఇహ్యా ఉలూమిద్దీన్' గ్రంథంలో ఈ విషయాన్ని వివరించారు. సుఫ్రాపై తినడమే మేలైనదని చెబుతూనే, బల్లపై తినడాన్ని హరామ్ అనలేమని స్పష్టం చేశారు. తినడం సులువు కావడానికి ఆహారాన్ని కాస్త ఎత్తులో పెట్టడమే బల్ల ఉద్దేశమని, గర్వం లేనంతవరకు అందులో దోషం లేదని ఆయన అభిప్రాయం. ఇక వెండి, బంగారు పాత్రలలో తినడం, తాగడం మాత్రం స్పష్టంగా నిషేధించబడింది (బుఖారీ, ముస్లిం). అంటే దోషం బల్ల ఎత్తులో లేదు. మనిషి ఆడంబరంలో ఉంది.

నలుగురు మోసే పళ్లెం

దైవప్రవక్త (స) దగ్గర 'గర్రా' అనే పెద్ద పళ్లెం ఉండేది. దాన్ని నలుగురు మనుషులు మోసేవారు. ఒక రోజు చాష్త్ నమాజు తర్వాత అందులో సరీద్ (మాంసం పులుసులో నానిన రొట్టె ముక్కలు) తెచ్చి పెట్టారు. అందరూ చుట్టూ చేరారు. జనం ఎక్కువయ్యేసరికి చోటు సరిపోలేదు. అప్పుడు ప్రవక్త (స) మోకాళ్లపై ఒదిగి కూర్చున్నారు. ఇదేం కూర్చోవడమని ఒక పల్లెవాసి ఆశ్చర్యపోయాడు. అల్లాహ్ తనను ఉదారుడైన దాసునిగా చేశాడే గాని అహంకారిగా చేయలేదని ప్రవక్త (స) బదులిచ్చారు. పళ్లెం మధ్యలో నుంచి కాక అంచుల నుంచి తినమని, అందులో శుభం కలుగుతుందని బోధించారు (అబూదావూద్).

ప్రియ పాఠకులారా! ఆ సమూహంలో అందరికన్నా గౌరవనీయులు ఆయనే. అయినా తమ చోటు తగ్గించుకుని ఇతరులకు చోటు ఇచ్చారు. నేల మీద కూర్చోవడం మాత్రమే కాదు, ఒదిగి కూర్చుని పక్కవారికి చోటివ్వడం కూడా సున్నతే. మొదటిది పాటిస్తూ రెండవదాన్ని మరచిపోవడం ఎంతవరకు సబబు?

కూర్చోలేని వారి సంగతి

సూరా నూర్ 61వ ఆయత్ అంధులను, కుంటివారిని, వ్యాధిగ్రస్తులను పేరుపేరునా ప్రస్తావించి, భోజనం విషయంలో వారిపై ఎలాంటి దోషమూ లేదని చెప్పింది. కలసి తిన్నా, విడివిడిగా తిన్నా తప్పు లేదని కూడా తెలిపింది. ఇలాంటి వారితో కలసి భోంచేయడానికి ఆ రోజుల్లో కొందరు సంకోచించేవారని, ఆ సంకోచాన్ని ఈ ఆయత్ తొలగించిందని వ్యాఖ్యాతలు రాశారు.

విడిగా తినడం అనుమతే. కాని కలసి తినడంలో శుభం ఉంది. ఎంత తిన్నా కడుపు నిండడం లేదని కొందరు సహాబీలు విన్నవించుకున్నారు. మీరు విడివిడిగా తింటున్నారేమోనని ప్రవక్త (స) అడిగారు. కలసి కూర్చుని అల్లాహ్ పేరు తలచి తినమని చెప్పారు (అబూదావూద్).

కనుక దాదీమా పళ్లేన్ని పక్క గదికి పంపకండి. దస్తర్‌ఖాన్ అంచున ఒక కుర్చీ, దాని ముందు ఒక చిన్న స్టూలు వేయండి. ఆమె పక్కన ఒక మనవడిని కూర్చోబెట్టండి. లేదా ఆ రోజుకు అందరూ టేబుల్ దగ్గరే కూర్చోండి. ఆమె తన కుటుంబంతో కలసి పండుగ భోజనం చేయడమే ముఖ్యం.

వండిన చేతులు

ప్రవక్త (స) ఇంట్లో ఉన్నంతసేపు ఇంటి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు (బుఖారీ). నీళ్లు పోసేవాడు అందరికన్నా చివర తాగాలన్నది ఆయన బోధన (ముస్లిం). మన ఇళ్లలో ఆ చివరి వంతు ఎప్పుడూ స్త్రీలదే ఎందుకు కావాలి? పండుగ రోజు అన్నదమ్ములు లేచి వడ్డించవచ్చు, నీళ్లు అందించవచ్చు. గైర్ మహరమ్ బంధువులు ఉన్నప్పుడు పురుషులకు, స్త్రీలకు వేర్వేరు దస్తర్‌ఖాన్‌లు పరుస్తాం. మంచిదే. అయితే రెండూ ఒకే సమయంలో పరచండి. రెండింటి మీదా అవే వంటకాలు, అంతే వేడిగా ఉండాలి.

పనివారు, పొరుగువారు

వంట చేసి తెచ్చిన సేవకుణ్ణి మనతో కూర్చోబెట్టుకోవాలి, లేదా కనీసం ఒకటి రెండు ముద్దలైనా అతనికి ఇవ్వాలి. ఎందుకంటే పొయ్యి వేడి భరించింది అతనే (బుఖారీ). ధనికులను పిలిచి పేదలను వదిలేసే వలీమా విందు అన్నిటికన్నా చెడ్డ విందు అని కూడా హదీసు గ్రంథాల్లో ఉంది. బక్రీద్ నాడు ఖుర్బానీ మాంసం మనం తింటూ లేమికి గురైనవారికీ తినిపించమని అల్లాహ్ ఆదేశించాడు (అల్ హజ్: 28). పొరుగింటి హిందూ సోదరులకు షీర్ ఖుర్మా పంపడం మన ఊళ్లలో పాత ఆనవాయితీ. వారు మాంసం తినని వారైతే వారి కోసం విడిగా, శుభ్రమైన గిన్నెలో వండి పంపడం మర్యాద.

పరచే పద్ధతి

1. గుడ్డ ఖరీదైనది కానక్కరలేదు, శుభ్రంగా ఉంటే చాలు. దానిపై ఎవరి కాలూ పడకుండా చుట్టూ దారి వదలండి.

2. చేతులు కడిగించే చెంబు, పళ్లెం ముందుగా వృద్ధుల దగ్గరికి తీసుకెళ్లండి.

3. నీళ్లు, ఉప్పు, ఎముకలు వేసుకునే గిన్నె అందరికీ అందేలా రెండు మూడు చోట్ల పెట్టండి.

4. వడ్డన కుడివైపు నుంచి సాగాలి. ఒకసారి ప్రవక్త (స)కు పానీయం తెచ్చినప్పుడు ఆయన కుడివైపు ఒక బాలుడు, ఎడమవైపు పెద్దలు ఉన్నారు. ఆయన ఆ బాలుని అనుమతి అడిగారు. తన వంతు వదులుకోవడానికి అతను ఒప్పుకోకపోవడంతో అతనికే ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). పిల్లల హక్కును కూడా ఆయన అంతగా గౌరవించారు.

5. పిల్లలను పెద్దల మధ్య కూర్చోబెట్టండి. బిస్మిల్లాహ్ చెప్పడం, కుడిచేత్తో తినడం, తన ముందున్నది తినడం అనే మూడు మర్యాదలను ప్రవక్త (స) ఉమర్ బిన్ అబీ సలమా (రజి) అనే బాలునికి పళ్లెం దగ్గరే నేర్పారు.

6. వంటలో లోపాలు ఎంచవద్దు. ప్రవక్త (స) ఏ ఆహారాన్నీ ఎన్నడూ విమర్శించలేదు. ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారు.

7. పళ్లెంలో తినగలిగినంతే పెట్టుకోండి. తినండి, తాగండి, దుబారా చేయవద్దన్నది అల్లాహ్ ఆజ్ఞ (అల్ ఆరాఫ్: 31). మిగిలింది పాడుకాక ముందే అవసరమున్న వారికి చేర్చండి.

ఈసారి పండుగ నాడు బిస్మిల్లాహ్ చెప్పే ముందు ఒక్క క్షణం ఆగి చుట్టూ చూడండి. మంచం మీద ఎవరైనా ఉండిపోయారా? వంటింట్లో ఎవరైనా నిలబడి ఉన్నారా? గుమ్మం దగ్గర ఎవరైనా ఆగిపోయారా? ఉంటే వారిని పిలవండి, కాస్త ఒదిగి కూర్చోండి. ఇద్దరి భోజనం ముగ్గురికి సరిపోతుందని తెలిపిన ప్రవక్త (స) అనుచరులం మనం.

మన దస్తర్‌ఖాన్‌లలో శుభాన్ని, మన మనసుల్లో విశాలతను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.