ఆటగాడి కాగితం, కోచ్ కాగితం

నాగర్‌కర్నూల్‌లో ఏ జిరాక్సు సెంటరు ముందైనా ఎండాకాలం ఒక గంట నిలబడితే ఈ మాట వినిపిస్తుంది: "అన్నా, ఒక బయోడేటా కొట్టియ్యవా, కోచ్ పోస్టుకు." కంప్యూటరు ముందున్న అబ్బాయి పాత ఫైలు తెరుస్తాడు. పేరు మారుస్తాడు, తండ్రి పేరు మారుస్తాడు, పుట్టిన తేదీ మారుస్తాడు. పైన 'కెరీర్ ఆబ్జెక్టివ్' అనే నాలుగు ఇంగ్లీషు వరుసలు అలాగే ఉండిపోతాయి. అవి ఎవరు రాశారో, వాటి అర్థమేమిటో ఎవరూ అడగరు. కింద 'హాబీలు: కబడ్డీ ఆడుట'. చివర డిక్లరేషన్, సంతకానికి ఖాళీ. ఏళ్ల తరబడి గ్రౌండులో చెమటోడ్చిన మనిషి పది నిమిషాల్లో ఇంకొకరి కాగితంలోకి సర్దుకుపోతాడు.

ఆ కాగితం చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. పాలమూరు పిల్లలకు ఆట నేర్పడమంటే ఏమిటో తెలిసిన మనిషి గురించి అందులో ఒక్క ముక్క కూడా ఉండదు. అందులో ఉండేది అతను ఆడిన ఆట. ఇంటర్‌లో ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్) రాష్ట్రస్థాయి, యూనివర్సిటీ జట్టు, పండగ టోర్నమెంటులో బెస్ట్ రైడర్. గర్వపడాల్సినవే, కాదనను. కానీ ఉద్యోగం ఇచ్చేవారికి తెలియాల్సింది అతను ఎంత బాగా ఆడాడని కాదు, అతని దగ్గరికి వచ్చిన పిల్లలు ఎంత మెరుగయ్యారని. ఆటగాడి కాగితం వేరు, కోచ్ కాగితం వేరు.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారిని తలచుకోండి. హైదరాబాద్‌లో బడిపంతులు. 1950లో సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు శిక్షణ చేపట్టారు. ఆ జట్టు 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఈ నాలుగు వాక్యాల్లో ఆయన కొట్టిన గోలు ఒక్కటీ లేదు. అన్నీ ఇతరులు ఆడినవే, ఇతరులు గెలిచినవే. అయినా అది ఆయన జీవితమే.

మన జిల్లాలో అలాంటి కప్పులు ఎవరి చేతిలో ఉన్నాయి అంటారేమో. కప్పు అక్కర్లేదు. కొల్లాపూర్ దగ్గర ఒక ఊళ్లో రెండేళ్లుగా సాయంత్రాలు కబడ్డీ నేర్పుతున్న యువకుణ్ణి ఊహించుకుందాం. అతని పాత బయోడేటాలో 'పిల్లలకు కబడ్డీ నేర్పిన అనుభవం: 2 సంవత్సరాలు' అని ఉంటుంది. చదివేవారికి దీనివల్ల తెలిసేది సున్నా. అదే మాట ఇలా రాస్తే? 'వారానికి 5 సాయంత్రాలు, 12 నుంచి 16 ఏళ్ల పిల్లలు 30 మంది, అందులో 11 మంది అమ్మాయిలు. మొదటి ఏడాది చివరికి 26 మంది నిలిచారు. మండల జట్టుకు ముందు ఏడాది ఇద్దరు, ఈ ఏడాది ఆరుగురు ఎంపికయ్యారు.' ఒక్క విశేషణం లేదు. 'కష్టపడే తత్వం', 'నాయకత్వ లక్షణాలు' అని రాసుకోవలసిన పనీ లేదు. ఆ అంకెలు చదివిన ప్రిన్సిపాల్‌కు మనిషి కళ్లముందు కనిపిస్తాడు.

అన్నిటికంటే విలువైన అంకె ఎంతమంది నిలిచారన్నది. ఇక్కడి నేల తెలిసినవారికి నేను చెప్పనక్కర్లేదు. గద్వాల వైపు సీడ్ పత్తి క్రాసింగ్ మొదలైతే పిల్లలు పొద్దున్నే చేలల్లో ఉంటారు. పత్తి తీతల్లో బడి హాజరే పడిపోతుంది, ఇక గ్రౌండు సంగతి ఎంత? అమ్మానాన్నలు వలస పోతే పిల్ల అవ్వ దగ్గర ఉంటుందో, వాళ్లతోనే పోతుందో ఎవరికీ తెలియదు. ఇన్నిటి మధ్య ఇరవై ఆరుగురిని నిలబెట్టుకున్నవాడు ఏదో చేసే ఉంటాడు. ఆ నెలల్లో ప్రాక్టీసును తెల్లవారుజామున ఐదున్నరకు మార్చి ఉంటాడు. ఇంటికెళ్లి నానమ్మతో మాట్లాడి ఉంటాడు. తండా పిల్లలతో వాళ్ల భాషలో మాట్లాడి ఉంటాడు. ఇవి ఊరి కబుర్లని కొట్టిపారేసి కాగితంలోకి రానివ్వరు మనవాళ్లు. నా దృష్టిలో అసలు అర్హత అదే. అచ్చంపేట, మన్ననూరు వైపు గురుకులంలో పనికి దరఖాస్తు చేస్తూ 'తెలుగు, ఉర్దూ, లంబాడీ మాట్లాడగలను' అన్న వరసను హాబీల కింద దాచేయడం ఎంత నష్టం!

గెలుపును పంచుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024 మేలో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆమెను తీర్చిదిద్దిన కోచ్ నాగపురి రమేశ్ గారు 2016లోనే ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు. కానీ ఆమె పరుగులో ఏదో ఉందని మొదట గమనించింది ఊళ్లోని బడి వ్యాయామ ఉపాధ్యాయుడు. అలాంటి ఉపాధ్యాయుడు రేపు ఒక కోచ్ ఉద్యోగానికి రాసుకుంటే 'పారాలింపిక్ విజేతను తయారుచేశాను' అనాలా? అక్కర్లేదు. 'బడి స్థాయిలో గుర్తించాను, మొదటి శిక్షణ ఇచ్చాను, పై కోచ్ దగ్గరికి పంపించాను' అంటే చాలు. అది పెద్ద మాటే. పిల్ల తన చేతిలో ఉంటే ఎదగదని తెలిసి పంపించగలిగిన కోచ్ ఎక్కడైనా అరుదు. తన వంతు ఎంతో అంతే చెప్పుకున్న మనిషి మిగతా కాగితాన్ని కూడా నమ్మొచ్చు.

సర్టిఫికెట్ల దగ్గర ఈ నిజాయితీ ఇంకా అవసరం. 1961లో మొదలైన పాటియాలా జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్)లో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సూ ఉంది, డిప్లొమా కూడా ఉంది. రెంటికీ కలిపి 'ఎన్‌ఐఎస్ చేశాను' అని రాసేవారు చాలామంది. ఇంటర్వ్యూలో ఒరిజినల్ చూపించమన్నప్పుడు తల దించుకోవాల్సి వస్తుంది. ఆరు వారాలదైతే ఆరు వారాలని, ఏ ఆట, ఏ ఏడాది అని రాయండి. బీపీఈడీ, డీపీఈడీ కూడా అంతే. చదువుతూ ఉంటే చదువుతున్నానని రాయండి.

ఇంకో సంగతి. ప్రభుత్వ నోటిఫికేషన్లకు ఫారం వాళ్లదే, గడులు వాళ్లవే. అక్కడ అర్హత, వయసు, సర్టిఫికెట్లు మాట్లాడతాయి; రెజ్యూమె మీద రాత్రుళ్లు గడిపి లాభం లేదు. ఖేలో ఇండియా కేంద్రాల్లో మాజీ ఛాంపియన్లను కోచ్‌లుగా తీసుకునే పద్ధతి ఉంది కనుక అక్కడ ఆటగాడి చరిత్రే ముందు రావాలి. ప్రైవేటు బడులు, అకాడమీలు, వేసవి శిబిరాలు, కాంట్రాక్టు మీద తీసుకునే హాస్టళ్లు వేరు. కాగితం నిజంగా చదివేది వీళ్లే.

వీళ్లు కాగితంలో వెతికే, మనం రాయని వరస మరొకటుంది. అమ్మాయిలున్న బడిలో, హాస్టల్లో కోచ్‌ను పెట్టుకునేటప్పుడు ప్రిన్సిపాల్ మనసులో మొదటి ప్రశ్న ఆట గురించి కాదు, పిల్లల భద్రత గురించి. 2012 పోక్సో చట్టం గురించి తెలుసునని, పోలీసు వెరిఫికేషన్‌కు సిద్ధమని, ప్రథమ చికిత్స నేర్చుకుని ఉంటే ఎక్కడ, ఎప్పుడు నేర్చుకున్నారో రాయండి. అమ్మాయిల జట్టును బయటి ఊరికి తీసుకెళ్లినప్పుడు వెంట మహిళా టీచరు ఉండేలా చూసి ఉంటే అదీ రాయండి. ఆ మాటలు చదివాక ఎదుటివారి ముఖంలో బరువు దిగడం కనిపిస్తుంది.

"ఇన్ని అంకెలు ఎక్కడివి సార్, నేను ఏమీ రాసుకోలేదు" అనే మాట ఎక్కువగా వింటాను. ఉన్నవాటి నుంచే తవ్వి తీయాలి. ఫోన్లో వాట్సాప్ గ్రూపు ఉంది కదా, దానిలో జట్టు ఫొటోలున్నాయి, ఫొటోలకు తేదీలున్నాయి. ఎంపికైన పిల్లల ఇళ్లల్లో ఎస్‌జీఎఫ్ సర్టిఫికెట్లున్నాయి. బడి పీఈటీ సార్ దగ్గర జట్ల జాబితాలుంటాయి. ఒక ఆదివారం కూర్చుంటే రెండేళ్ల లెక్క తేలుతుంది. ఇక ఈరోజు నుంచి ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టుకోండి: తేదీ, ఎవరొచ్చారు, ఏం చేయించాం, ఎవరికి దెబ్బ తగిలింది, వంద మీటర్లు ఎవరు ఎన్ని సెకన్లలో పరిగెత్తారు. కోచ్ రెజ్యూమె పుట్టేది ఆ నోటుబుక్కులోనే, జిరాక్సు సెంటరులో కాదు.

కొందరికి దీనికంటే లోతైన అడ్డంకి ఉంటుంది. మన గురించి మనమే చెప్పుకుంటే ఏం బాగుంటుంది, పని చేస్తూ పోతే వాళ్లకే తెలుస్తుంది అనుకుంటారు. మంచి పెంపకం నుంచి వచ్చిన బిడియమే అది. కానీ హైదరాబాద్‌లో కూర్చున్న అకాడమీ వాళ్లకు కొల్లాపూర్ గ్రౌండు కనిపించదు. పైగా పిల్లల లెక్క చెప్పడం ఆత్మస్తుతి ఎలా అవుతుంది? ఐదున్నరకు చెప్పుల్లేకుండా వచ్చిన పిల్ల మండల జట్టుకు ఎక్కిందంటే అది ఆమె కష్టం. ఆ కష్టానికి సాక్షి మీరు. సాక్షి నోరు విప్పకపోతే ఆ పిల్ల కష్టం కూడా మరుగున పడిపోతుంది.

రెండు పేజీలు మించకుండా, పీడీఎఫ్‌గా, ఫైలుకు మీ పేరూ ఆటా పెట్టి పంపండి. మతం, కులం, తల్లిదండ్రుల వృత్తి అడగకపోతే రాయొద్దు. మీ గురించి చెప్పగలవారిగా ఇద్దరి పేర్లు ఇచ్చేముందు వారికి ఫోన్ చేసి అడగండి. ఒకరు హెడ్మాస్టరు, ఇంకొకరు మీ దగ్గర నేర్చుకున్న పిల్ల తల్లో తండ్రో అయితే మరీ మంచిది. పిలుపు వచ్చిన రోజు నోటుబుక్కు సంచిలో పెట్టుకోండి. చాలాచోట్ల ప్రిన్సిపాల్ గారు కాగితం పక్కన పెట్టి, "బయట ఎనిమిదో తరగతి పిల్లలున్నారు, ఒక పావుగంట ఆడించండి" అంటారు. బూట్లు వేసుకునే వెళ్లండి. విజిల్ జేబులో ఉండాలి.