మాయా ప్రజల పొట్ట మర్దన: మేలు ఎంత, హద్దు ఎక్కడ?

ఈ నెల పాఠంలో మాయా ప్రజల పొట్ట మర్దన గురించి తెలుసుకుందాం. ఇక్కడ మాయా అంటే మంత్రతంత్రాలు కాదు, కాన్పులో పడే మాయ కూడా కాదు. మెక్సికో, గ్వాటెమాలా, బెలీజ్ దేశాల్లో వేల ఏళ్లుగా ఉంటున్న ఒక ప్రజల పేరు అది.

అక్కడి మంత్రసానులు గర్భిణీలకు, బాలింతలకు పొట్ట మర్దన చేస్తారు. స్పానిష్‌లో దీన్ని 'సొబాదా' అంటారు. మన పల్లెల్లో బాలింతకు నూనె రాసి, నడుముకు గుడ్డ కట్టే అలవాటు మీకు తెలిసిందే. బెలీజ్‌లో ఎలీహియో పాంతీ అనే మాయా వైద్యుడు ఈ విద్యలో పేరు పొందారు. ఆయన 1996లో చనిపోయారు. 1980లలో ఆయన దగ్గర నేర్చుకున్న రోసీటా ఆర్విగో అనే అమెరికన్ దీన్ని ఇతర దేశాల వారికి నేర్పారు.

ఎలా చేస్తారు?

స్త్రీని వెల్లకిలా పడుకోబెట్టి, పొత్తికడుపు కింది భాగం నుంచి బొడ్డు వైపుకు వేళ్లతో నెమ్మదిగా రాస్తారు. తర్వాత నడుముకు రాస్తారు. అంతా పైనుంచే. గర్భసంచి చోటు తప్పితే నెలసరి నొప్పి, సంతానలేమి వస్తాయని, మర్దనతో అది సర్దుకుంటుందని వారి నమ్మకం. మనిషిలోని భయాన్ని, దుఃఖాన్ని కూడా అడిగి తెలుసుకుంటారు. శరీరాన్ని, మనసును విడదీసి చూడరు.

మేలు ఎంత?

మర్దనతో బిగిసిన కండరాలు సడలుతాయి. నెలసరి నొప్పి, మలబద్ధకం కొందరికి తగ్గుతాయి. ఓపికగా వినేవారు ఉంటే మనసు బరువు కూడా దిగుతుంది.

కానీ గర్భసంచి వెనక్కి వంగి ఉండటం జబ్బు కాదు. ఐదుగురిలో దాదాపు ఒకరికి అలాగే ఉంటుంది. వారిలో చాలామంది మామూలుగానే తల్లులవుతారు. గర్భసంచిలో గడ్డలు, మూసుకుపోయిన గర్భనాళాలు మర్దనతో నయమవుతాయనడానికి గట్టి రుజువు లేదు. దాన్ని నమ్ముకుని పరీక్షలు వాయిదా వేస్తే విలువైన కాలం పోతుంది.

ఎవరు చేయించుకోకూడదు?

1. నెల తప్పినవారు, గర్భిణీలు. బిడ్డ అడ్డం తిరిగిందని ఇంట్లో ఎవరితోనూ పొట్ట రుద్దించవద్దు. బిడ్డను తిప్పే ప్రయత్నం నెలలు నిండేటప్పుడు, స్కానింగ్ చూసి, ఆపరేషన్ సదుపాయం ఉన్న చోట డాక్టర్లే చేయాలి.
2. నెలసరిలో ఉన్నవారు, కాపర్-టి వేయించుకున్నవారు.
3. ఈమధ్య సిజేరియన్ లేదా వేరే ఆపరేషన్ అయినవారు.
4. జ్వరం, పొట్టలో గడ్డ, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు.

వెంటనే ఆసుపత్రికి రండి

నెల తప్పాక ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం నాళంలో నిలిచి ఉండవచ్చు. నాళం పగిలితే ప్రాణాపాయం. ముట్లుడిగిన తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా చూపించుకోవాలి.

అమ్మలారా, అత్తలారా, మీ చేతి మర్దన మంచిదే. అయితే పొట్ట మీద చెయ్యి వేసే ముందు లోపల ఏముందో డాక్టరును అడిగి తెలుసుకుందాం.