మనవాళ్ళింతేనా?

గత నెల మన సాహితీ క్లబ్ మీటింగ్‌లో నాకిచ్చిన టాపిక్ "నేటి భారతీయుల స్వభావం". పది నిమిషాలు మాట్లాడాలి. టాపిక్ వినగానే నాకు గుర్తొచ్చింది వేదాలూ కాదు, తాజ్‌మహలూ కాదు. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళిన జనరల్ బోగీ తలుపు. ఆ రోజు అందరి ముందూ చెప్పడానికి సిగ్గేసి వేరే ఏదో మాట్లాడేశాను. ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను.

సికింద్రాబాద్‌లో ఎలాగోలా ఎక్కాను. "అన్నా, కొంచెం జరగండన్నా, పండక్కి ఇంటికెళ్ళాలి" అని లోపలివాళ్ళని బతిమాలుకుంటే తలుపు దగ్గర, బ్యాగు కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడేంత చోటు దొరికింది. గంటన్నర తర్వాత ఒక స్టేషన్ వచ్చింది. తలుపు దగ్గరున్న నలుగురం కూడబలుక్కున్నట్టు తలుపు మూసి పట్టుకున్నాం. బయట ఒక పెద్దావిడ, చేతిలో సంచి, పక్కన చిన్న పిల్ల. "బాబూ, కాలు పెట్టుకునేంత చోటిస్తే చాలయ్యా" అంటోంది. "జాగా లేదమ్మా, వెనక బోగీ చూస్కోండి" అన్నది నేనే. వెనక బోగీ కూడా ఇలాగే ఉందని నాకు తెలుసు. బండి కదిలింది. వాళ్ళిద్దరూ ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయారు.

తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. నాతో పాటు తలుపు పట్టుకున్న ఒకాయన, మా నాన్న వయసుంటుంది, "ఏ ఊరు బాబూ మనది?" అని అడిగాడు. చెప్పాను. కాసేపటికి డబ్బా విప్పి పులిహోర పెట్టాడు. కింద పేపరు పరిచి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఇందాక ఒక పసిపిల్లని ఎక్కనివ్వని చెయ్యే ఇప్పుడు ముక్కూమొహం తెలియని నాకు అన్నం పెడుతోంది. మరి ఇందులో ఏది మన స్వభావం?

1917లోనూ ఇదే తలుపు

టాపిక్ కోసం లైబ్రరీలో వెతుకుతుంటే గాంధీగారు 1917లో రైళ్ళలో మూడో తరగతి ప్రయాణం గురించి రాసిన లేఖ దొరికింది. బొంబాయి నుంచి మద్రాసుకు రెండు రాత్రుల ప్రయాణం. 22 మంది కూర్చునే పెట్టె. పూనా దాకా ఆ లెక్క దాటలేదట. ఎందుకంటే లోపలున్న ధైర్యవంతులు కొత్తవాళ్ళని రానివ్వలేదు. రాయచూరు దాటాక ఆపడం వాళ్ళ వల్ల కూడా కాలేదు. ప్రయాణం మొత్తంలో పెట్టెని ఒక్కసారి కూడా ఊడవలేదని రాశారు.

ఆ ధైర్యవంతుల దగ్గర నా చదువు ఆగిపోయింది. వాళ్ళలో నేనూ ఉన్నాను కదా!

గాంధీగారు తప్పు ఒక్కరి మీదే వెయ్యలేదు. మొదటి తరగతికి అన్ని సుఖాలూ ఇచ్చి మూడో తరగతిని గాలికొదిలేసిన రైల్వే యాజమాన్యాన్ని అడిగారు. వైస్రాయ్‌తో సహా పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు ముందుగా చెప్పకుండా ఒకసారి ఈ పెట్టెల్లో ప్రయాణించి చూడాలన్నారు. అదే సమయంలో ఎక్కడపడితే అక్కడ ఉమ్మేసే ప్రయాణికుల అలవాట్లనూ వదల్లేదు.

నూరేళ్ళు దాటినా తలుపు దగ్గర సీను మారలేదు. అంటే ఇది మన రక్తంలోనే ఉందా? హాస్టల్లో రోజూ వినే డైలాగ్ ఇదేగా, "మనవాళ్ళింతే మామా, మారరు!"

రక్తం అనే జవాబు

ఈ జవాబు చాలా సులువు. కానీ దాన్ని నిజంగానే నమ్మితే ఏమవుతుందో మన నేల మీదే చూశాం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్త తెగల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. కొన్ని కులాలవాళ్ళు పుట్టుకతోనే నేరస్తులని కాగితం మీద రాసేశారు. పేర్లు నమోదు చేయించుకోవాలి, హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా ఎరుకలవారి కోసం పెట్టిన సెటిల్‌మెంటే. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. కానీ ఆ ఊరి పేరు వినగానే ఈ రోజుకీ చాలామందికి సినిమా దొంగలే గుర్తొస్తారు. స్వభావం పుట్టుకతో వస్తుందని అన్న మాట ఒక ఊరిని ఎన్ని తరాలు వెంటాడిందో చూడండి.

కాబట్టి మనం ఇంజనీరింగ్‌వాళ్ళం చేసే పనే చేద్దాం. మనిషిని మార్చకుండా పరిస్థితిని మార్చి చూద్దాం. తలుపు పట్టుకున్న అదే పెద్దాయనకి స్లీపర్‌లో బెర్త్ నంబర్ ఇవ్వండి. ఎవరినీ తొయ్యడు, హాయిగా పడుకుంటాడు. రోడ్డు మీద ఉమ్మే మనిషి మెట్రో ఎక్కితే నోరు కట్టేసుకుని కూర్చుంటాడు. స్టేషన్ మెట్లు దిగగానే మళ్ళీ మామూలే. రక్తం మారలేదు, చోటు మారింది. తన వంతు తనకి తప్పకుండా వస్తుందన్న నమ్మకం ఉంటే మనవాళ్ళు బుద్ధిగా క్యూలో నిలబడతారు. ఆ నమ్మకం లేని చోట తోసుకుంటారు.

ఐతే నా విషయంలో ఇదొక్కటే సరిపోదు. చోటు చాలనిది నిజమే. కానీ వెనక బోగీ చూస్కోమని అబద్ధం చెప్పింది చోటు కాదు, నేను.

"మనది" అనే మాట

ఇక్కడ నాకు సాయం చేసింది ఏ.కె. రామానుజన్. మైసూరులో పుట్టి చికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన కవి, పండితుడు. భారతీయ ఆలోచనా విధానం అంటూ ఒకటి ఉందా అని 1989లో ఒక వ్యాసం రాశారు. వాళ్ళ నాన్నగారు గణిత, ఖగోళ శాస్త్రాలు తెలిసినవారు, జ్యోతిష్యమూ చూసేవారు. రెండూ ఎలా కుదురుతాయని కుర్రాడైన రామానుజన్ గింజుకునేవాడు. నాన్నగారికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. దసరాకి మన ల్యాబ్‌లో లేత్ మెషిన్‌కి బొట్టుపెట్టి, మర్నాడు దాని మీదే మైక్రాన్లు కొలిచే మనకి ఇది కొత్తేం కాదు. ఆయుధపూజ కంప్యూటర్లకీ చేస్తారని ఆయనా రాశారు.

రామానుజన్ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ: మన సంస్కృతిలో నియమం అందరికీ ఒకటే అనుకోవడం కంటే, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని చూసి నడుచుకోవడం ఎక్కువ. ఇది లోపమే అనలేదు, గొప్పే అనీ అనలేదు.

అది చదివాక "ఏ ఊరు బాబూ మనది?" అన్న మాట మళ్ళీ చెవిలో మోగింది. మీ ఊరు అనలేదు, మనది అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను ఆయన మనిషినయ్యాను, పులిహోర వచ్చింది. తలుపు బయటున్న ఆవిడని ఎవరూ ఏ ఊరని అడగలేదు. మన ప్రేమ నిజం, మన కాఠిన్యమూ నిజం. రెంటి మధ్యా ఉన్నది ఒక తలుపు. ఒకప్పుడు ఆ తలుపు కులం. గుడి దగ్గర, బావి దగ్గర కాపలా కాసింది. ఇప్పటికీ చాలాచోట్ల కాస్తూనే ఉంది. అందుకే "మనది నియమాల సంస్కృతి కాదు, మనసు సంస్కృతి" అని మురిసిపోవడానికి నాకు నోరు రావట్లేదు. ఆ మనసు ఎవరి దాకా వెళ్తోందో కూడా చూడాలి కదా.

1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదా సభలో పెడుతూ అంబేద్కర్ రాజ్యాంగ నైతికత గురించి మాట్లాడారు. అది సహజంగా వచ్చే గుణం కాదు, అలవాటు చేసుకోవాలి, మనవాళ్ళు ఇంకా నేర్చుకోలేదని ఆయన మాటల సారం. నాకిది తిట్టులా అనిపించలేదు. నేర్చుకోలేదంటే నేర్చుకోవచ్చనేగా! పీఠికలో సౌభ్రాతృత్వం అనే మాట ఉంది. ఇంటర్‌లో రెండు మార్కుల కోసం బట్టీపట్టాను. దాని అర్థం ఇప్పుడు తెలుస్తోంది: ఊరు అడక్కుండానే "మనది" అనుకోవడం.

వచ్చే సంక్రాంతికి కూడా టికెట్ వెయిటింగ్ లిస్టే. మళ్ళీ ఆ తలుపు దగ్గరే నిలబడతానేమో. నేనొక్కణ్ణి తలుపు తీస్తే లోపలివాళ్ళు నన్నే తిడతారు. ఆ క్షణంలో ఏం చేస్తానో ప్రమాణం చేసి చెప్పలేను. వెనక బోగీలో చోటుందని మాత్రం చెప్పను. ఇంకో మనిషి పట్టేంత చోటుంటే, తిట్లు తినైనా తలుపు తీయాలని ఉంది.

మీకూ ఇలాంటి తలుపు కథ ఏదైనా ఉంటే వచ్చే సంచికకి రాసి పంపండి. లోపల నిలబడ్డదైనా సరే, బయట ఉండిపోయిందైనా సరే.