తప్పిపోయిన టీకా మోతాదు

ప్రశ్న: పాపకు పదో వారంలో వేయించాల్సిన పెంటావాలెంట్ టీకా తప్పిపోయింది. మళ్లీ మొదటి నుంచి వేయించాలా?

జవాబు: అక్కరలేదు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్‌-బి, హిబ్ బ్యాక్టీరియా తెచ్చే న్యుమోనియా, మెదడుపొరల వాపుల నుంచి కాపాడే ఈ టీకాను భారత సార్వత్రిక టీకా కార్యక్రమం 6, 10, 14 వారాలకు నిర్దేశించింది. మొదటి మోతాదుతో ఏర్పడిన స్మృతి కణాలు, అంటే రోగకారకాన్ని గుర్తుంచుకునే రక్షక కణాలు, ఆలస్యమైనంత మాత్రాన నశించవు కనుక, తప్పిన మోతాదును వెంటనే వేయించి, తరువాతి దానికి కనీసం 4 వారాల ఎడం పాటిస్తే చాలు. అయితే కోరింత దగ్గు ఎక్కువగా ప్రాణాంతకమయ్యేది తొలి నెలల్లోనే. ఒక్క మోతాదు ఇచ్చే రక్షణ అసంపూర్ణం కాబట్టి ఇక జాప్యం తగదు. స్వల్ప జ్వరం, జలుబు టీకా వాయిదాకు కారణాలు కావు.